వరుస ఇల్లా, విడి ఇల్లా?

రేడియోలో మాటలాడువానికి సమస్తమును తెలియునని బంధువుల నమ్మకము. ఉద్యోగవిరమణ చేసిన మా పెద్దబావగారు, ఉపాధ్యాయవృత్తిలో కూడబెట్టిన సొమ్మంతయు హైదరాబాదు శివారున ఒక ఇంటిపై పెట్టదలచి, నా సలహా నడిగినారు. శ్రోతలలో పలువురకు ఇదే ప్రశ్న ఎదురై యుండును.

ఆయన చూచినవి రెండు. ఒకటి, ఒకే ప్రహరీలో ఒకే నమూనాగా కట్టిన వరుస ఇండ్లలోనిది. ఇరుప్రక్కల గోడలు పొరుగువారితో ఉమ్మడి. రెండవది, మరికొంత దూరమున 150 గజముల స్థలములో విడిగా నున్న పాత ఇల్లు. రెండింటి వెలయు 90 లక్షలే.

ముందుగా అద్దె సంగతి. వరుస ఇంటికి నెలకు 20,000 రూపాయలు వచ్చుననుకొందము. నిర్వహణ రుసుము 3,000 పోగా ఏడాదికి 2,04,000. అనగా పెట్టుబడిపై నూటికి రెండుంబావు. విడి ఇంటిని రెండు వాటాలుగా ఇచ్చినచో 22,000 రావచ్చును గాని, మరమ్మతులు, ఖాళీగా నుండు నెలలు లెక్కించిన మిగులునది అంతే. పురపాలక పన్ను పోను మిగిలిన అద్దెలో నూటికి 30 వంతులకు ఆదాయపు పన్ను మినహాయింపు కలదు. అయినను బ్యాంకు డిపాజిట్టు వడ్డీకి ఇది సరిరాదు. గోడలు, కప్పు ఏటేట పాతబడును. కాబట్టి లాభము రావలసినచో నేల విలువ పెరుగుటవలననే రావలెను.

అసలు తేడా ఇచ్చటనే యున్నది. విడి ఇంటి దస్తావేజులో 150 గజములును నాలుగు హద్దులతో కొన్నవాని పేర నుండును. వరుస ఇండ్లలో కొన్నిచోట్ల ఇంటిక్రింది స్థలమును విడిగా రిజిష్టరు చేయుదురు. కొన్నిచోట్ల మొత్తము భూమిలో అవిభక్త వాటా మాత్రమే ఇత్తురు. ఇరువదియేండ్ల తరువాత ఇల్లు పడగొట్టి కట్టదలచిన, అవిభక్త వాటాదారునకు తక్కినవారి సమ్మతి కావలెను. స్థలము సొంతమైనను ఉమ్మడి గోడను తనంత తాను కదల్చలేడు. విడి ఇంటివాడు అనుమతి తెచ్చుకొని మరొక అంతస్తు వేసికొనును. బావగారు రంగుల ప్రకటనపత్రము చూపినారే గాని, దస్తావేజు నమూనా అడుగనే లేదు!

క్రొత్త వరుస ఇండ్లకు ఒక రక్ష కలదు. 2016 నాటి స్థిరాస్తి చట్టము, అనగా రెరా, క్రింద నమోదైన పథకములలో, కొనుగోలుదారుల సొమ్ములో నూటికి 70 వంతులు ప్రత్యేక ఖాతాలో నుంచవలెను. ఇల్లు అప్పగించిన 5 ఏండ్లలో కట్టడపు లోపము బయటపడినచో నిర్మాత ఉచితముగా సరిచేయవలెను. పాత ఇంటికి ఈ అండ లేదు. లింకు దస్తావేజులు, ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టు, మంజూరైన ప్లాను కొనువాడే పరీక్షింపవలెను.

లెక్క విడి ఇంటివైపే మొగ్గినది. కాని బావగారి పిల్లలిద్దరును అమెరికాలో నున్నారు. తాళము వేసి ఆరు నెలలు వారివద్ద నుండి వచ్చుసరికి, శివారు ఇంటి ప్రహరీని ఎవరు ఎంత జరిపి యుందురో! వరుస ఇండ్లకు కావలివాడుండును. అద్దెలో తరుగైన ఆ 3,000 ఆయనకు నిదురపట్టుటకు వెల.

స్థలము విడిగా రిజిష్టరు చేయుదుమన్నచో వరుస ఇల్లే కొనుడంటిని. అవిభక్త వాటాయే యైనచో, వెల పదింట ఒక వంతైనను తగ్గనిదే ముట్టవలదంటిని. దస్తావేజు నమూనా తెచ్చుటకు ఆయన నిన్ననే బయలుదేరినారు.