గొంతు క్యాన్సర్ – మనుగడను సూచించే ప్రోటీన్లు: అనంతపురం నేపథ్యంలో ఒక వివరణ

1. ఉపోద్ఘాతం:

అనంతపురం పీఠభూమి సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. అయితే ఆ సగటును మాత్రమే నమ్ముకొని వేరుశనగ విత్తే రైతు ఉండడు. ఒక ఊళ్లో కురిసిన వాన పక్క ఊళ్లో కురవకపోవచ్చునని అతడికి తెలుసు. గొంతు క్యాన్సర్ రోగి మనుగడ గురించిన అంచనా కూడా ఇటువంటి సగటే. ఆ అంచనాకు ఆధారమయ్యే ప్రోటీన్ సూచికలలో ముఖ్యమైన పి16ను, దాని పరిమితులను వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. పి16 ప్రోటీన్:

వ్యాధి స్థితిని, గతిని తెలుసుకోవడానికి శరీరంలో కొలవదగిన ఆనవాలును జీవసూచిక లేదా బయోమార్కర్ అంటారు. టాన్సిళ్లు, నాలుక మొదలు ఉండే గొంతు భాగంలో క్యాన్సర్‌కు ప్రధాన కారణాలు రెండు. మొదటిది పొగాకు, మద్యం. రెండవది హ్యూమన్ పాపిలోమా వైరస్. ఈ వైరస్‌కు చెందిన ఇ7 ప్రోటీన్, కణ విభజనను అదుపు చేసే ఆర్‌బీ ప్రోటీన్‌ను పనిచేయనీయదు. ఆ అదుపు తప్పడంతో కణంలో పి16 పెరుగుతుంది. బయాప్సీ ముక్కకు యాంటీబాడీల సాయంతో రంగు పట్టించి పరీక్షించినప్పుడు, కనీసం 70 శాతం క్యాన్సర్ కణాలలో రంగు గాఢంగా కనిపిస్తే పి16 ఉన్నట్లు నిర్ధారిస్తారు.

3. మనుగడ అంకెలు:

ఈ భాగపు క్యాన్సర్ ముదిరిన రోగులపై ఆంగ్, ఆయన సహపరిశోధకులు 2010లో ప్రచురించిన అధ్యయనంలో మూడేళ్ల మనుగడ వైరస్ ఉన్నవారిలో 82.4 శాతం, లేనివారిలో 57.1 శాతం. అయితే పొగతాగిన కాలం, మోతాదు పెరిగేకొద్దీ మరణ ప్రమాదం పెరిగిందని కూడా అదే అధ్యయనం తెలిపింది.

4. స్థానిక అన్వయం:

భారతదేశంలో గొంతు క్యాన్సర్లలో అధికభాగం పొగాకుతో ముడిపడినవే. స్వరపేటిక క్యాన్సర్ విషయంలో పి16కు ఇదే విలువను ఆపాదించలేము. కాబట్టి పై అంకెలను బీడీ తాగే ప్రతి రోగికీ యథాతథంగా అన్వయించరాదు. వ్యాధి ఏ దశలో బయటపడింది, చికిత్స పూర్తయిందా అన్నవి కూడా మనుగడను నిర్ణయిస్తాయి. రేడియేషన్ చికిత్స సాధారణంగా వారానికి అయిదు రోజుల చొప్పున ఆరేడు వారాలు సాగుతుంది. మధ్యలో ఆపితే ఫలితం తగ్గుతుంది. సుమారు 200 కిలోమీటర్ల దూరంలోని బెంగళూరుకు వెళ్లి, అన్ని వారాలు కూలి వదులుకొని ఉండడం కరువు పల్లెల రోగికి ఎంత భారమో ఏ ప్రోటీనూ చూపదు. గొంతు బొంగురు మూడు వారాలకు మించి తగ్గకపోతే పరీక్ష చేయించుకోవడం అవసరం.

5. ముగింపు:

"మీకు 57 శాతమే అవకాశం" అన్న మాట రోగి చెవికి జాతకంలా వినిపిస్తుంది. "ఇటువంటి వందమందిలో 57 మంది మూడేళ్ల తర్వాతా జీవించి ఉన్నారు" అన్నది అసలు అర్థానికి దగ్గరగా ఉంటుంది. జీవసూచిక ఒక సమూహం గురించి చెబుతుందే తప్ప, ఒక వ్యక్తి ఆయుష్షును కాదు. ఈ భేదాన్ని రోగి భాషలో స్పష్టంగా చెప్పినప్పుడే చికిత్స గురించిన నిర్ణయంలో అతడికీ భాగం దక్కుతుంది.