ఇల్లు కొనబోయే ముందు

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. ఈ రోజులలో కట్టిన ఇల్లు కొనేవారు కూడ ఎక్కువే కనుక "ఇల్లు కొని చూడు" అని మరొక మాట చేర్చుకోవచ్చును. పెళ్ళి సంబంధమంటే అటు ఇటు ఎన్నో తరాలు విచారించే మనము, ఇంటి దగ్గరకు వచ్చేసరికి ఒక ఆదివారం ఉదయం వెళ్ళి, గది గదికీ తలుపు తీసి చూచి, కాఫీ త్రాగి, అడ్వాన్సు ఇచ్చి వస్తున్నాము.

మా పెద్దమ్మగారి కుమారుడు అట్లాగే చేశారు. ఉద్యోగం విరమించినప్పుడు వచ్చిన సొమ్ముకు వదినగారి నగలు అమ్మిన డబ్బు చేర్చి, తామరైపాక్కంలో ఏటివైపు తగ్గులో ఉన్న ఒక మిద్దె ఇల్లు కొన్నారు. వారు ఇల్లు చూచినది మే నెలలో. గోడలకు కొత్త సున్నం, పొడిగా ఉన్న నేల, పెరట్లో వేపచెట్టు నీడ. అన్నగారి మనస్సు అక్కడే నిలిచిపోయింది. 2015 డిసెంబరు వానలలో ఆ ఇంట్లోకి మోకాలి లోతు నీరు వచ్చింది. నీరు తీసిన తరువాత బీరువా జరిపి చూస్తే, సున్నం ఊడిన చోట పాత మరక ఒకటి గీత గీసినట్లు కనబడింది. ప్రక్క ఇంటి అవ్వను అడిగితే, "ఇది కొత్త కాదు నాయనా, మునుపు కూడ వచ్చింది. కొనేముందు ఒక్కమాట అడిగి ఉంటే చెప్పేదాన్ని గదా!" అన్నదట.

ఆ ఒక్కమాట ఎవరిని అడగాలో, ఏమి అడగాలో చెప్పడానికే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

వాననీరు ఎటు పోతుంది?

తామరై అంటే మన తామరే. ఊరి పేరులోనే నీరు ఉన్నది. మనవాళ్ళు కుశస్థలి అని పిలుచుకొనే కొసస్తలై ఏరు ఈ ఊరి మీదుగా పోతుంది. ఇక్కడి ఆనకట్ట నుంచి కాలువ ద్వారా నీరు చోళవరం చెరువుకు, అక్కడ నుంచి రెడ్‌హిల్స్‌కు పోయి చెన్నై నగరం దాహం తీరుస్తుంది. ఎగువన 1944లో పూర్తయిన పూండి జలాశయం ఉన్నది. దాని సామర్థ్యం 3,231 మిలియను ఘనపుటడుగులు. అది నిండి తలుపులు ఎత్తితే ఆ నీరు దిగువకు వచ్చేది ఈ ఏటి దారినే. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు. కాబట్టి వేసవిలో చూచిన ఇల్లు సగం చూచినట్లే.

వీలైతే గట్టి వాన పడిన మరునాడు మరొకసారి వెళ్ళండి. వీలు కాకపోతే బీరువాల వెనుక, మెట్ల క్రింద, తలుపు చట్రాల అడుగున చూడండి. ఇల్లంతా పాత రంగు ఉండి, నేల నుంచి మూడడుగుల వరకు మాత్రం కొత్త పూత ఉంటే కారణం అడగండి. వీధి నేల కంటె ఇంటి నేల ఎంత ఎత్తున ఉన్నదో చూడండి. రోడ్డు మీద రోడ్డు వేయగా వీధి పెరిగి, పాత ఇళ్ళు పల్లంలో పడిపోయిన ఊళ్ళు ఎన్నో ఉన్నవి. పిమ్మట రెండు ప్రక్కల ఇళ్ళవారినీ, వీధి చివర కొట్టువానినీ విడివిడిగా అడగండి. అమ్మేవారు మరచిపోయినవి వారికి జ్ఞాపకం ఉంటవి.

బావి మాట

నగరానికి నీరిచ్చే ఊరిలో నీటికి కరువేమిటి అనుకోకూడదు. 1960లలో ఐక్యరాజ్యసమితి సాయంతో పరిశోధన జరిగిన పిమ్మట తామరైపాక్కం, పంజెట్టి, మీంజూరు ప్రాంతాలలో చెన్నై కోసం భూగర్భజలం తోడడం మొదలయింది. తోడగా తోడగా మీంజూరు వైపు సముద్రపు ఉప్పునీరు లోపలికి చొచ్చుకొనివచ్చింది. కాబట్టి బోరు ఎన్ని అడుగులు, ఏప్రిల్, మే నెలలలో నీరు ఎంత లోతున ఉంటుంది, ఎన్నిసార్లు లోతు చేయించారు అని అడగండి.

ఒక బిందెడు నీరు ఇంటికి తెచ్చుకొని పప్పు ఉడికించి చూడండి. పప్పు ఉడకక, సబ్బు నురగ రాకపోతే కఠినజలమని తెలుస్తుంది. రాత్రంతా నిలువ ఉంచితే అడుగున ఎర్రని మడ్డి దిగడం ఇనుముకు గుర్తు. త్రాగడానికి పనికివస్తుందో లేదో ప్రయోగశాలలోనే తేల్చుకోవాలి. బావికి, మరుగుదొడ్డి తొట్టికి మధ్య 50 అడుగులైనా ఉండడం మంచిది.

గోడలు, కప్పు

పాత ఇల్లయితే మద్రాసు టెర్రేసు కావచ్చును. అనగా టేకు వాసాల మీద ఇటుకలను నిలువుగా పేర్చి సున్నపు గచ్చు వేసిన మిద్దె. వాసాలు ముందుగా పుచ్చేది గోడలో దిగిన కొసలలోనే. అక్కడ కొట్టి చూస్తే గుల్ల శబ్దం వస్తుంది. కాంక్రీటు కప్పయితే అడుగుభాగంలో తుప్పు మరకలు, ఊడిన పెచ్చులు వెతకండి. లోపలి కమ్ములు తుప్పుపట్టినవని వాటి అర్థం.

వెంట్రుకవాసి బీటలకు భయపడనక్కరలేదు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పైకి ప్రాకి, గోరు దూరేంత వెడల్పున ఉన్న బీట మాత్రం పునాది కుంగిన దానికి గుర్తు కావచ్చును. అది కనబడితే ఇంజనీరును తీసుకొని వెళ్ళండి. ఆయన ఫీజు ఇంటి ధరలో ఎన్నవ వంతో లెక్కవేసుకొంటే ఆ ఖర్చు మనస్సుకు తగలదు.

కాగితాలు

మనలో చాలమంది ఇంట్లో తెలుగు మాట్లాడినా దస్తావేజు వచ్చేది తమిళంలో. చదవడం రాని పెద్దలు మొగమాటం లేకుండా, బడిలో తమిళం చదివే పిల్లలచేత అయినా పూర్తిగా బిగ్గరగా చదివించుకొని వినాలి. తిరుత్తణి వైపు కొనేవారికి మరొక చిక్కు. 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో చేరేవరకు ఆ తాలూకా చిత్తూరు జిల్లాలోనిది. అక్కడి పాత కాగితాలు తెలుగులో ఉండవచ్చును. పిల్లలకు ఆ అక్షరాలు రాకపోతే ఇంట్లో తాతగారి కళ్ళద్దాలకు పని పడుతుంది. తిరువళ్ళూరు జిల్లా ఏర్పడినది 1997లో కనుక, అంతకు ముందటి పత్రాలలో చెంగల్పట్టు అని కనబడితే కంగారుపడనక్కరలేదు.

మూలపత్రం నుంచి నేటివరకు వరుస తెగకుండా ఉండాలి. ముప్ఫై ఏళ్ళకైనా విల్లంగం సర్టిఫికేటు తీయించండి. అయితే రిజిస్టరు కాని లావాదేవీ అందులో కనబడదు. అసలు పత్రం ఎవరి దగ్గరైనా కుదువలో ఉండవచ్చును. నకలు చూచి తృప్తి పడక అసలు చూపమనండి. పట్టాలోని సర్వే నంబరును, కొలతలను స్థలంతో సరిచూడండి. సెంటు అంటే 435.6 చదరపు అడుగులు, గ్రౌండు అంటే 2,400. టేపు పట్టి కొలిస్తే ఎవరూ తప్పు పట్టరు.

ఏటి ఒడ్డున, చెరువు ప్రక్కన ఆ నంబరు పొరంబోకు కాదని రెవెన్యూ కార్యాలయంలో తేల్చుకోవాలి. చెరువుల ఆక్రమణలు తొలగించడానికి తమిళనాడులో 2007 నాటి చట్టం ఉన్నది. ఇంటిపన్ను రసీదు, కరెంటు కనెక్షను హక్కుపత్రాలు కావు. లేఅవుటు స్థలమయితే అనుమతి గాని, 2017 నిబంధనల క్రింద క్రమబద్ధం చేసిన ఉత్తరువు గాని ఉన్నదో చూడండి.

ఆఖరున ఆడపడుచుల మాట. తండ్రి వీలునామా లేకుండా పోతే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన ఆస్తిలో కూతుళ్ళకూ వాటా ఉన్నది. పిత్రార్జితంలో కూడ తమిళనాడు 1989లో, దేశమంతా 2005లో వారికి హక్కు ఇచ్చింది. "అక్కయ్య ఏమీ అనదు లెండి" అని అమ్మేవారు అంటే, ఆ అక్కయ్యగారి సంతకం కూడ పెట్టించమనండి.

మా అన్నగారు ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉన్నారు. అప్పు చేసి నేల రెండడుగులు ఎత్తు చేయించారు. వదినగారు అమ్మిన నగలు మాత్రం మరల చేయించుకోలేదు. మీరు ఇల్లు చూడబోయేనాడు ముహూర్తం చూచుకొంటే చూచుకోండి. వానాకాలమయితే గొడుగు కూడ తీసుకొని వెళ్ళండి. వచ్చేటప్పుడు ప్రక్క ఇంటి అవ్వతో ఒక్కమాట మాట్లాడి రండి.