బంకమట్టి బాటపై టైరు రబ్బరు

అమెరికాలో రేడియో సంకేతములతో నడచు చిన్న కార్ల పందెములకు బంకమట్టిని తడిపి, దిమ్మిసకొట్టి బాటలు వేయుదురు. మన విద్యార్థులు మోటారు శక్తిని గూర్చియే అడుగుదురు గాని, అచ్చట టైరు రబ్బరును ఎన్నుకొనుటయే కష్టము.

కార్లు తిరిగిన కొలది రబ్బరు మట్టికంటి నల్లని చార ఏర్పడును. దానిపై ముళ్ల టైరు జారును. నున్నని, మెత్తని రబ్బరు అంటిపెట్టుకొనును. ధూళి పేరుకొన్నచోట మాత్రము ముళ్లు కావలెను.

మెత్తదనమునకును హద్దు కలదు. నేల వేడెక్కినచో అతి మెత్తని రబ్బరు సాగి, ముళ్లు ఒరిగి, మలుపులో కారు తడబడును; అరుగుదలయు హెచ్చు. ఉదయపు చలిలో గెలిపించిన టైరే మధ్యాహ్నము ముంచవచ్చును. నాలుగు చుట్లు తిప్పి చూచినప్పుడే ముళ్ల అంచులు చిరిగినచో, ఒక మెట్టు గట్టి రబ్బరును బిగింపవలెను.