అఫ్ఘాన్ పండుగ దుస్తులు – వాటిపై చాదర్

అఫ్ఘానిస్తాన్ స్త్రీల సంప్రదాయ దుస్తులు మూడు. మోకాళ్ళ కిందికి జారే కుచ్చిళ్ళ అంగీ, దాని కింద వదులైన షరాయి, తలపై చాదర్. దరీ భాష మాట్లాడేవారు వీటిని పైరహన్, తుంబాన్, చాదర్ అంటారు. పష్తూ వారు కమీస్, పర్తూగ్, టిక్రై అంటారు. పేర్లు వేరైనా లెక్క మూడే. ఈ మధ్య మన దుకాణాల్లో ‘అఫ్ఘానీ’ పేరుతో బట్టలు వస్తున్నాయి. వాటిని కొన్నవారు తలపై వస్త్రాన్ని తర్వాత ఎప్పుడో దొరికిన రంగులో జతచేసుకుంటూ ఉంటారు. అది అలంకారానికి తగిలించే అదనపు వస్తువనే భావన ఇందువల్ల బలపడుతోంది. అఫ్ఘాన్ గృహిణి అంగీ కత్తిరించేటప్పుడే దానిపై చాదర్ ఉంటుందన్న ఎరుకతో కత్తిరిస్తుంది. ఈ సంగతి గ్రహిస్తే పండుగనాడు ఈ దుస్తులు ధరించే పద్ధతి సులభంగా బోధపడుతుంది.

ముందుగా కుట్టుపని గురించి కొంత చెప్పుకోవాలి. అఫ్ఘాన్ కుట్టుపని అంతా ఒకటే రకం కాదు. కాందహార్‌లోని పష్తూన్ స్త్రీల ‘ఖామక్’ ప్రత్యేకమైనది. బట్టపై ముందుగా గీతలు గీసుకోకుండా, నూలు పోగులు లెక్కపెట్టుకుంటూ పట్టుదారంతో కోణాలు, నక్షత్రాలు, వజ్రాకారాలు కుడతారు. తెల్లని బట్టపై తెల్లని దారంతో చేసే పని ఇందులో మేలైనదిగా పేరుపొందింది. దూరం నుంచి చూస్తే ఏమీ లేనట్టుంటుంది, వెలుగు పడినప్పుడు మాత్రం మెరుస్తుంది. పెండ్లికుమారుని చొక్కా ముందుభాగంపై కూడా ఈ పని చేస్తారు. (పురుషులకు పట్టు నిషిద్ధం కదా అని పాఠకులకు సందేహం కలగవచ్చు. రెండు, మూడు, నాలుగు వేళ్ళ వెడల్పు వరకు మినహాయింపు ఉన్నట్టు హజ్రత్ ఉమర్ (రజి) ఉల్లేఖనం సహీహ్ ముస్లింలో ఉంది. అంతకు మించితే ఆలోచించవలసిందే.) హజారా స్త్రీల పని ఇందుకు భిన్నం. అడుగు బట్ట కనబడనంత దట్టంగా, రంగురంగుల చతురస్రాలతో నిండి ఉంటుంది. షియా హజారాలు నమాజులో నుదురు ఆన్చే మట్టిబిళ్ళను చుట్టిపెట్టే చిన్న గుడ్డలపై కూడా ఎంతో ఓపికతో ఈ కుట్టు వేస్తారు.

ఇక సంచార జాతులైన కూచీల దుస్తులు. పరదేశాల్లో ‘అఫ్ఘాన్ దుస్తు’ అనగానే చాలామంది మనసులో మెదిలేది ఇదే. నడుము వద్ద కుచ్చిళ్ళు పోసి పలు గజాల బట్టతో ఘేరు తీస్తారు. చేతులు వెడల్పుగా ఉంటాయి. ఎదభాగమంతా అద్దాలు, పూసలు, గవ్వలు, వెండి నాణేలు, జరీ పట్టీలు. పూసలతో గుండ్రంగా అల్లి బట్టపై కుట్టే బిళ్ళలను ‘గుల్-ఎ-పైరహన్’, అంటే అంగీ పువ్వు, అంటారు. అంగీ చినిగిపోయినా ఎదభాగాన్ని పారవేయరు. విప్పి కొత్త బట్టపై మళ్ళీ కుట్టుకుంటారు. ఈ విధంగా తల్లి ఎదపట్టీ కూతురి పెండ్లి అంగీలోకి చేరుతుంది. ఇలాంటి పట్టీలు, కూచీ నగలు పాశ్చాత్య దేశాల్లో నాట్యవేదికలపై వేషానికి ఉపయోగపడుతున్నాయి. సంపాదన కోసం అమ్ముకున్నవారిని తప్పుపట్టలేం. కాని తలపై చాదర్ ఉండవలసిన దుస్తు అది లేకుండానే లోకానికి పరిచయమైంది.

ఇక్కడే అసలు ప్రశ్న ఎదురవుతుంది. దివ్య ఖుర్ఆన్ నూర్ సూరా 31వ ఆయత్ విశ్వాసులైన స్త్రీలను తమ ఖిమార్లను ‘జుయూబ్’పై వేసుకోవలసిందిగా ఆదేశించింది. ‘జైబ్’ అంటే అంగీ మెడ వద్ద తెరిచి ఉంచే కంత. ఖిమార్ అంటే తలను కప్పే వస్త్రం. అంటే తలవస్త్రం వెనక్కి వేలాడటం చాలదు, అది మెడపై నుంచి ఎదను కప్పాలి. ఈ ఆజ్ఞ వినగానే తొలి ముహాజిర్ స్త్రీలు తమ బట్టల అంచులు చించి కప్పుకున్నారని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పినట్టు బుఖారీలో ఉంది. మరి అఫ్ఘాన్ అంగీలో అత్యంత శ్రమతో కుట్టిన భాగం సరిగ్గా ఆ ఎదభాగమే. ఏ చోటును కప్పమని ఆజ్ఞ ఉన్నదో ఆ చోటే అందంగా కుట్టబడింది. ఇది వైరుధ్యం కాదా?

కాదని నా అభిప్రాయం. అదే ఆయత్ భర్త, తండ్రి, సోదరులు మొదలైన మహ్రమ్‌ల ఎదుట, స్త్రీల ఎదుట అలంకారం కనబరచడానికి అనుమతినిచ్చింది. అఫ్ఘాన్ పెండ్లిళ్ళలో పురుషులకు, స్త్రీలకు వేర్వేరు సమావేశాలు జరపడం ఆచారం. గోరింటాకు రాత్రి కూడా పెండ్లికుమార్తె చుట్టూ ఉండేది ఆడవారే. నికాహ్ వేళ ఆకుపచ్చ దుస్తులు తొడగడం చాలా కుటుంబాల్లో ఉంది. ఆ ఎదభాగపు పని ఆ సభ కోసమే. లోపల చాదర్ భుజాలపైకి జారితే పని కనబడుతుంది, గడప దాటేటప్పుడు అదే చాదర్ ముందుకు వచ్చి పనిని కప్పుతుంది. బయటివారికి కనబడేది ముంజేతి అంచు, అంగీ కింది అంచు మాత్రమే. ఒకే దుస్తు, రెండు స్థితులు. వీటి మధ్య తేడా తెలిపేది చాదర్.

అందువల్ల పండుగకు ఒక చాదర్ కాక రెండు ఉంచుకోవడం మేలు. ఆడవారి మధ్య కూర్చునేటప్పుడు పలుచనిది, బయటికి వెళ్ళేటప్పుడు పెద్దది. పెద్దది రెండున్నర గజాలకు తగ్గకుండా, వెడల్పు ఎదను పూర్తిగా దాటేటట్టు ఉండాలి. మన హైదరాబాదు ఖడా దుపట్టాతో పోల్చి చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. అక్కడ ఆరు గజాల దుపట్టాయే ప్రధానం, కుర్తా దానికి నేపథ్యం. అఫ్ఘాన్ పద్ధతిలో అంగీయే ప్రధానం, చాదర్ నేపథ్యం. అద్దాలు, నాణేలు నిండిన అంగీపై జరీ నిండిన దుపట్టా వేస్తే రెండూ ఒకదానినొకటి మింగేస్తాయి. అలాంటి అంగీకి ఏ పనీ లేని చాదరే తగినది. రంగు కోసం ఎదపనిలో అతి తక్కువగా వాడిన దారాన్ని చూడండి. ఎరుపు నిండిన పనిలో ఎక్కడో ఒక వరుస నీలం ఉంటే, ఆ నీలమే చాదర్‌కు సరిపోతుంది. తెల్లని ఖామక్ అంగీకి మాత్రం ఏ ముదురు రంగైనా నప్పుతుంది.

బట్ట ఎంపికలో అందం కంటే ముందు ఆలోచించవలసిన విషయాలున్నాయి. అద్దాల అంచులకు, నాణేలకు షిఫాన్ ఇట్టే చిక్కుకుంటుంది. మెత్తని నూలు, సన్నని ఉన్ని నయం. మఖమలు అంగీపై పట్టు చాదర్ నిలవదు, జారుతూనే ఉంటుంది. తలకు ముందుగా నూలు టోపీ వేసుకుంటే ఆ ఇబ్బంది తీరుతుంది. పిన్నీసు భుజం కుట్టుపై పెట్టాలి. పూసల బిళ్ళపై గుచ్చితే దారం తెగి పూసలన్నీ రాలిపోతాయి.

పలుచన విషయం మరొకటి. దైవప్రవక్త (స) తనకిచ్చిన ఖిబ్తీ వస్త్రాన్ని హజ్రత్ ఉసామా (రజి) తన భార్యకు ఇచ్చినప్పుడు, శరీరాకృతి తెలియకుండా దాని కింద మరో వస్త్రం వేసుకోమని చెప్పమన్నారని ముస్నద్ అహ్మద్‌లో ఉంది. పండుగనాడు నెట్టు చాదర్ వేసుకున్నవారు దానితోనే నమాజుకు నిలబడటం చూస్తుంటాం. జుట్టు కనబడే వస్త్రం నమాజుకు చాలదు. అఫ్ఘాన్ ఇళ్ళలో నమాజుకు వేరుగా పెద్ద చాదర్ ఉంచుతారు, మనమూ సంచిలో ఒకటి వేసుకుంటే సరిపోతుంది. నాణేల గలగల సంగతి కూడా ఉంది. దాచిన అలంకారం తెలిసేటట్టు పాదాలు నేలకు కొట్టరాదని అదే ఆయత్ చివరి భాగం చెబుతుంది. ఘల్లుమనే పట్టీలు గల అంగీ స్త్రీల సభకు శోభనిస్తుంది, ఈద్‌గాహ్ దారికి తగదు.

రంగులే ధర్మానికి విరుద్ధమని కొందరు అనుకుంటారు. హదీసుల్లో ఇందుకు ఆధారం కనబడదు. హజ్రత్ ఆయిషా (రజి) వద్దకు తన గోడు చెప్పుకోవడానికి వచ్చిన ఒక స్త్రీ తలపై ఆకుపచ్చ ఖిమార్ ఉన్నదని బుఖారీలో ఉంది. చిన్నపిల్లగా ఉన్న ఉమ్మె ఖాలిద్ (రజి)కు దైవప్రవక్త (స) ఒక నల్లని చిన్న వస్త్రాన్ని స్వయంగా తొడిగారు. దానిపై ఉన్న పచ్చని లేక పసుపు గుర్తును చూపుతూ, ఆమె పుట్టిన అబిసీనియా భాషలో బాగుందని ముచ్చటగా అన్నారు.

ఈ చర్చ అఫ్ఘానిస్తాన్‌లో ఊరక జరిగినది కాదు. అక్కడి స్త్రీల దుస్తులపై ప్రభుత్వాలు పదేపదే చేయి వేశాయి. 1928లో అమానుల్లా ఖాన్ పాశ్చాత్య వేషాన్ని రుద్దబోయాడు. 1959లో దావూద్ ఖాన్ హయాంలో రాజవంశ స్త్రీలు ముఖంపై తెర లేకుండా స్వాతంత్ర్యోత్సవాల్లో కనబడ్డారు. 1996లో తాలిబాన్ ముఖాన్ని కూడా కప్పే చాదరీని తప్పనిసరి చేశారు. (చాదర్ వేరు, చాదరీ వేరు. ఈ రెండింటినీ కలిపివేయడం వల్లనే సగం గందరగోళం.) 2021 ఆగస్టులో వారు తిరిగి వచ్చాక, సెప్టెంబరులో కాబూల్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో నిలువెల్లా నల్లని దుస్తులతో స్త్రీల ప్రదర్శన ఒకటి జరిగింది. దానికి జవాబుగా చరిత్ర అధ్యాపకురాలు బహార్ జలాలీ తన ఆకుపచ్చ అఫ్ఘాన్ అంగీ చిత్రాన్ని లోకానికి చూపారు. ఎన్నో దేశాల్లోని అఫ్ఘాన్ స్త్రీలు ఆమెను అనుసరించారు. 2022 మే 7 నాటి ఆజ్ఞ చాదరీయే ఉత్తమమని చెప్పింది. 2024 ఆగస్టులో వచ్చిన చట్టం బయట ముఖాన్ని కూడా కప్పుకోవాలని విధించింది. ముఖం, మణికట్టు వరకు చేతులు సతర్‌లో చేరవని తొలినాటి హనఫీ పండితుల మాట. ఫిత్నా భయంతో కప్పమన్నది తర్వాతి వారి మాట. తరతరాల కుట్టుపనిని విదేశీ వేషంగా చూపడం ఒక పొరపాటైతే, ఆ దుస్తును చాదర్ వదిలివేయడానికి సాకుగా చూపడం రెండో పొరపాటు.

ఈద్ నమాజుకు స్త్రీలను కూడా తీసుకురావలసిందిగా దైవప్రవక్త (స) ఆదేశించినట్టు హజ్రత్ ఉమ్మె అతియ్యా (రజి) తెలిపారు. పైవస్త్రం లేని స్త్రీ ఏం చేయాలని అడిగితే, ఆమె సోదరి తనది ఇవ్వాలని జవాబు వచ్చింది. పండుగకు ముందు బీరువా తెరిచినప్పుడు మిగిలిన చాదర్లు ఎవరికి అవసరమో ఆలోచించవచ్చు.

పండుగ ముగిశాక అంగీని లోపలివైపు బయటికి తిప్పి, నాణేలు బట్టకు ఒరుసుకోకుండా మధ్యలో మల్లు గుడ్డ వేసి మడవాలి. అద్దాలపై ఇస్త్రీ పెట్టరాదు. తేమ తగిలితే జరీ నల్లబడుతుంది. అత్తరు పడినా అంతే, కనుక అత్తరును అంగీ తొడగక ముందే రాసుకోవాలి.