బొమ్మ తలకు కదలిక ఎలా వస్తుంది?



సైన్స్ ఎగ్జిబిషన్, వార్షికోత్సవం దగ్గర పడుతున్నాయంటే చాలా ఇళ్లలో వినిపించే మాట ఒకటుంది: "నాన్నా, నేను ఎలుగుబంటి వేషం వేస్తా. అది నోరు తెరవాలి, కళ్లార్పాలి!" బజారులో రెడీమేడ్ మాస్కు దొరుకుతుంది. డబ్బు పెడితే పూర్తిగా తయారైన ప్రాజెక్టు కూడా ఇంటికే వస్తుంది. కానీ కదిలే జంతువు తలను తయారు చేయడంలో జీవ, రసాయన, భౌతిక శాస్త్రాలతో పాటు లెక్కలు కూడా ఉన్నాయి. కొనుక్కొచ్చిన బొమ్మతో పాటు ఆ పాఠాలు రావు. అందుకే ఈ తలల వెనుక ఉన్న పనితనం ఏమిటో, ఇంట్లో ఎంతవరకు చేయవచ్చో, ఎక్కడ తప్పనిసరిగా జాగ్రత్తపడాలో ఈ నెల చూద్దాం.

ఒక ముఖం, చాలా చేతులు

యంత్రాల సాయంతో ప్రాణం ఉన్నట్టు కదిలే బొమ్మలను యానిమేట్రానిక్స్ అంటారు. 1987లో వచ్చిన హాలీవుడ్ చిత్రం 'హ్యారీ అండ్ ది హెండర్సన్స్' దీనికి మంచి ఉదాహరణ. అందులో ఒళ్లంతా వెంట్రుకలున్న అడవిమనిషి ఒక కుటుంబంతో కలిసి ఉంటాడు. ఆ వేషం లోపల ఉన్నది ఏడడుగులకు పైగా ఎత్తున్న నటుడు కెవిన్ పీటర్ హాల్. నడక, చేతుల కదలిక ఆయనవి. కనుబొమలు, పెదవులు మాత్రం బయట నిలబడిన సిబ్బంది రిమోట్లతో కదిలించేవారు. ఆ తలను రూపొందించిన రిక్ బేకర్‌కు మేకప్ విభాగంలో ఆస్కార్ వచ్చింది. లోపలి మనిషి, బయటి మనుషులు ఒకే భావాన్ని ఒకే క్షణంలో పలికిస్తేనే ఆ ముఖం నమ్మదగినట్టు ఉంటుంది. అంటే ఇది జట్టుగా చేసే పని.

ముందు మట్టి

పని మొదలయ్యేది మోటార్లతో కాదు, మట్టితో. వేషం వేసుకునే వ్యక్తి తల కొలతలు తీసుకుని, అదే పరిమాణంలో ఒక దిమ్మ తయారు చేసి, దానిపై జంతువు ముఖాన్ని మలుస్తారు. నీటితో కలిపిన మట్టి ఆరితే కుంచించుకుపోయి పగుళ్లిస్తుంది. అందుకే వారాల తరబడి సాగే పనికి నూనె కలిపిన, ఆరిపోని మోడలింగ్ క్లే వాడతారు.

శిల్పి చేతికి ముందు జీవశాస్త్రం తెలియాలి. మీ పిల్లల్ని చెవికి కాస్త ముందు వేలు పెట్టి నోరు తెరవమనండి. వేలి కింద ఏదో కదిలినట్టు తెలుస్తుంది. అదే దవడ కీలు. బొమ్మ తలలో కూడా కీలు అక్కడే ఉండాలి. దాన్ని పెదవుల దగ్గర పెడితే నోరు డబ్బా మూతలా తెరుచుకుంటుంది తప్ప జంతువు నోరులా ఉండదు. ముడతలు ఎక్కడ పడతాయో, చర్మం ఎక్కడ సాగుతుందో మట్టి దశలోనే నిర్ణయించుకోవాలి.

కజ్జికాయల అచ్చు చెప్పే పాఠం

మట్టి బొమ్మ బరువుగా ఉంటుంది, తలకు పెట్టుకోలేం. కాబట్టి దాని మీద అచ్చు తీసి, ఆ అచ్చులో తేలికైన చర్మాన్ని పోస్తారు. ఇక్కడ మన వంటింటి అనుభవం పనికొస్తుంది. కజ్జికాయల అచ్చు రెండు చెక్కలుగా తెరుచుకుంటుంది కదా! తల అచ్చు కూడా అలాగే ముందు భాగం, వెనుక భాగం అని రెండు ముక్కలుగా ఉంటుంది. పిండి అంటుకోకుండా మనం నూనె రాసినట్టే, అచ్చుకు వాజలీన్ లాంటి జిడ్డు పూత పూస్తారు.

రెండు ముక్కలే ఎందుకు? మూతి సన్నగా ఉన్న ఇత్తడి చెంబులో నీళ్లు గడ్డకడితే ఆ మంచుగడ్డ విరగకుండా బయటకు రాదు. బొమ్మలో చెవి వెనుక, దవడ కింద లోపలికి మడత పడిన చోట్ల కూడా అచ్చు అలాగే పట్టేస్తుంది. అచ్చును ఏ గీత దగ్గర విడదీస్తే రెండు ముక్కలూ సులువుగా వస్తాయో ముందే చూసుకోవాలి. ధూల్‌పేటలో వినాయక విగ్రహాలను అచ్చులతో పోసే కళాకారులకు కూడా ఈ లెక్క తప్పదు.

పెద్ద గిన్నెలో చిన్న గిన్నె పెడితే మధ్యలో ఖాళీ మిగులుతుంది. బయటి అచ్చుకూ లోపలి దిమ్మకూ మధ్య అలాంటి ఖాళీనే ఉంచుతారు. చర్మం మందం ఆ ఖాళీని బట్టే ఉంటుంది. నోటి మూలల్లో పలుచగా ఉంటే సులువుగా సాగుతుంది, మందంగా ఉంటే మోటారు లాగలేదు.

చర్మం ఎంపిక

సినిమా వాళ్లు ఎక్కువగా వాడింది ఫోమ్ లేటెక్స్. రబ్బరు పాలను నురగ వచ్చేలా గిలక్కొట్టి, అచ్చులో పోసి, ఓవెన్‌లో సన్నటి వేడి మీద గంటల తరబడి ఉంచుతారు. తేలికగా, స్పాంజిలా మెత్తగా వస్తుంది. అయితే స్పాంజిలాగే నీళ్లు కూడా పీలుస్తుంది. 1993 నాటి 'జురాసిక్ పార్క్' చిత్రీకరణలో కురిపించిన వానకు భారీ టీ-రెక్స్ బొమ్మ చర్మం నీళ్లు తాగి బరువెక్కింది. దాంతో బొమ్మ వణకడం మొదలుపెట్టింది. సిబ్బంది మధ్యమధ్యలో తువ్వాళ్లతో తుడుస్తూ పని సాగించారు.

ఇప్పుడు సిలికాన్ కూడా బాగా వాడుతున్నారు. దానితో మరో చిక్కుంది. కొన్ని రకాల మోడలింగ్ క్లేలో గంధకం ఉంటుంది. అది తగిలితే ప్లాటినంతో గట్టిపడే సిలికాన్ గట్టిపడకుండా జిగటగానే ఉండిపోతుంది. రెండు పదార్థాలు కలిసే ముందు చిన్న ముక్కపై పరీక్షించి చూడాలన్న ప్రయోగశాల నియమం ఇక్కడా వర్తిస్తుంది.

ఎముక, కండరం

చర్మం లోపల ఫైబర్‌తో చేసిన గట్టి పుర్రె, దానికి కీళ్లతో దవడ, కనురెప్పలు ఉంటాయి. కండరాల పని సర్వో మోటార్లు చేస్తాయి. మామూలు మోటారు తిరుగుతూనే ఉంటుంది. సర్వో మాత్రం చెప్పిన కోణానికి వెళ్లి ఆగుతుంది. దానికి సాధారణంగా 20 మిల్లీసెకన్లకు ఒకసారి సంకేతం అందుతుంది. ఆ సంకేతం 1 నుంచి 2 మిల్లీసెకన్ల మధ్య ఎంతసేపు ఉందన్న దాన్ని బట్టి కోణం మారుతుంది. 1.5 అయితే మధ్యలో నిలుస్తుంది.

మోటారు ఎంత బరువు మోయగలదో లెక్క వేయడం తేలికే. ఎలక్ట్రానిక్స్ షాపుల్లో దొరికే చిన్న నీలిరంగు సర్వో శక్తి సుమారు 1.8 కిలో-సెంటీమీటర్లు. ఇరుసుకు 6 సెంటీమీటర్ల దూరంలో అది ఎత్తగలిగే బరువు 1.8 ÷ 6, అంటే 0.3 కిలో. కానీ అది గరిష్ఠ పరిమితి. అక్కడి దాకా నెడితే మోటారు వేడెక్కుతుంది. సగమే మోయించడం, మిగతా భారాన్ని స్ప్రింగు లేదా రబ్బరు బ్యాండుకు అప్పగించడం మంచిది.

ఇక్కడ రాజీ వద్దు

అచ్చులకు వాడే ప్లాస్టర్ ఆఫ్ పారిస్ నీటితో కలిసినప్పుడు తిరిగి జిప్సంగా మారుతూ వేడిని విడుదల చేస్తుంది. ముద్ద ఎంత పెద్దదైతే వేడి అంత ఎక్కువ. 2007లో ఇంగ్లండ్‌లో 16 ఏళ్ల విద్యార్థిని ఒకరు ఆర్ట్ క్లాసులో అచ్చు కోసం చేతులను ప్లాస్టర్‌లో ఉంచింది. అది గట్టిపడి చేతులు ఇరుక్కుపోయాయి. తీవ్రంగా కాలడంతో ఆమె చాలా వేళ్లు కోల్పోయింది. కాబట్టి పిల్లల ముఖం, చేతులు, కాళ్లపై నేరుగా ప్లాస్టర్ పోయకండి. టేపుతో కొలతలు తీసుకుంటే చాలు. పొడి కలిపేటప్పుడు ముక్కుకు మాస్కు కట్టుకోవాలి. మిగిలిన ద్రావణాన్ని సింకులో పోయకూడదు, పైపులోనే గట్టిపడుతుంది.

తల లోపల వేడి త్వరగా పెరుగుతుంది. నోటి దగ్గర, వెనుక గాలి ఆడే రంధ్రాలు ఉండాలి. పిల్లలు ఎవరి సాయం లేకుండా క్షణంలో తీసేసేలా ఉండాలి. బ్యాటరీ తలలో కాకుండా నడుము దగ్గర పెట్టండి. వేదికపై వేషం వేసినవారి వెంట మరొకరు నడవాలి, ఎందుకంటే లోపలి నుంచి కింద మెట్లు కనిపించవు.

ఇంట్లో చేయాలంటే

సైకిల్ హెల్మెట్‌ను ఆధారంగా తీసుకోండి. మట్టి ముఖంపై పలుచటి ప్లాస్టిక్ కవరు పరిచి, న్యూస్‌పేపర్ ముక్కలను మైదా జిగురుతో నాలుగైదు పొరలుగా అంటించి, బాగా ఆరనివ్వండి. తర్వాత దవడను వేరుగా కత్తిరించి కీలు పెట్టండి. కత్తి పని మాత్రం పెద్దలదే. మోటారు లేకపోయినా ఫర్వాలేదు. సైకిల్ బ్రేకు వైరుతో దవడను లాగవచ్చు. సూది లేని రెండు సిరంజిలకు సన్నటి గొట్టం కలిపి నీళ్లు నింపితే ఒకటి నొక్కినప్పుడు రెండోది కదులుతుంది. అదే హైడ్రాలిక్ సూత్రం.

మీ వంతు సాయం పని చేసిపెట్టడం కాదు, ప్రశ్నలు అడగడం. "కీలు ఇక్కడే ఎందుకు పెట్టావు? దవడ బరువెంత? ఇది వేసుకుని ఎంతసేపు ఉండగలవు?" మూడింటికీ మీ అబ్బాయి, అమ్మాయి సొంత మాటల్లో జవాబు చెప్పగలిగితే, ఆ ఎలుగుబంటి కన్ను కాస్త వంకరగా వచ్చినా ఆ ప్రాజెక్టు వాళ్లదే.