పాయింట్లకు మించిన విలువ

బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వే జోన్‌కు కేంద్రస్థానం; జాతీయ మహిళల బాస్కెట్‌బాల్‌లో దీర్ఘకాలంగా ఆధిపత్యం వహిస్తున్న భారతీయ రైల్వే జట్టు వివిధ జోన్ల ఉద్యోగినులతో ఏర్పడుతుంది కనుక, ఎవరిని ఏ శ్రేణిలో నిలపాలన్నది ఆ జట్టు ఎంపికలో కీలకమైన ప్రశ్న.

ఎత్తు, వేగం, గురి ప్రతిభ కాగా, వాటివల్ల జట్టుకు ఒరిగేది విలువ. పాయింట్లు, రీబౌండ్లు, అంటే గురితప్పిన బంతిని అందుకోవడాలు, అసిస్టులు, అంటే బుట్టలో పడే బంతిని సహచరికి అందించడాలు, బంతిని లాక్కోవడాలు, షాట్లను అడ్డుకోవడాలు కలిపి, తప్పిన షాట్లను, చేజార్చుకున్న బంతులను తీసివేస్తే సామర్థ్య సూచిక వస్తుంది. ఇతర అంకెలేవీ లేకుండా 25 షాట్లలో 10 మాత్రమే వేసి 20 పాయింట్లు తెచ్చిన క్రీడాకారిణికి మిగిలేది 5. 6 షాట్లలో 4 వేసి 8 పాయింట్లతోపాటు 10 రీబౌండ్లు, 4 అసిస్టులు సాధించిన క్రీడాకారిణికి దక్కేది 20. రెండో ఆమెదే నిస్సందేహంగా పై శ్రేణి. అయితే ప్రత్యర్థి మేటి షూటర్‌ను ఆటంతా నిలువరించిన రక్షకురాలి శ్రమలో అధికభాగం ఈ లెక్కకు అందదు. ఆమె స్థానాన్ని శిక్షకులు ఆటను స్వయంగా చూసే నిర్ణయించాలి.