టిఫిన్ మానేసి క్లాసుకు పరుగెడుతున్నారా? రూమ్‌లోనే పది నిమిషాల్లో ఇలా చేసుకోవచ్చు..

అమీర్‌పేటలో ఉదయం ఏడు గంటలకే కంప్యూటర్ కోర్సుల బ్యాచ్‌లు మొదలవుతాయి. మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో ఆ టైమ్‌కి బ్యాగులేసుకుని పరుగులు పెట్టేవాళ్లే ఎక్కువ. హాస్టల్ మెస్‌లో టిఫిన్ చూస్తే చాలా చోట్ల ఏడున్నర, ఎనిమిది దాటాకే వస్తుంది. పంజాగుట్టలో రూమ్ తీసుకుని హైటెక్ సిటీ వైపు ఉద్యోగాలకు వెళ్లేవాళ్లదీ దాదాపు ఇదే కథ. మెట్రో ఎక్కి, తర్వాతి స్టేషన్ అమీర్‌పేటలో దిగి, రాయదుర్గం రైలు మారాలి. పోనీ దారిలో తిందామా అంటే మెట్రో రైల్లో తినడం నిషేధం. దీంతో చాలామంది ఒక టీ, రెండు బిస్కెట్లతో మధ్యాహ్నం దాకా నెట్టుకొచ్చేస్తుంటారు.

బండి దగ్గర ఇడ్లీ ఉంది కదా అనొచ్చు. ఉంది, బాగానే ఉంటుంది కూడా. కానీ రోజూ అక్కడ నిలబడే టైమ్, నెలాఖరులో జేబు రెండూ సహకరించాలి. అందుకే రూమ్‌లోనే చేసుకోగలిగేవి నాలుగైదు తెలిసుంటే మంచిది. అసలు కిటుకు ఒక్కటే.. సగం పని ముందు రోజు రాత్రే అయిపోవాలి. ఉదయం లేచాక ఉల్లిపాయ ఎక్కడుందా అని వెతకడం మొదలుపెడితే ఆ రోజుకి టిఫిన్ లేనట్టే.

స్టవ్ లేకపోయినా పులిహోర

చాలా హాస్టళ్లలో స్టవ్‌కి పర్మిషన్ ఉండదు. అలాంటివాళ్లకు అటుకులే దిక్కు. ఊరెళ్లినప్పుడు ఇంట్లో రెండు సీసాలు చేయించుకుని తెచ్చుకోవాలి. ఒకదాంట్లో చింతపండు పులుసును నూనె, పసుపు, ఉప్పు వేసి బాగా దగ్గరపడేదాకా ఉడికించిన పులిహోర ముద్ద. ఇంకోదాంట్లో పల్లీలు, శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువ వేసి కరకరలాడేలా వేయించిన పోపు. పోపు పూర్తిగా చల్లారాకే మూత పెట్టాలి, తడి స్పూన్ పెట్టకూడదు. ఉదయం మందం అటుకులను కడిగి, నీళ్లు వంచేసి ఐదు నిమిషాలు వదిలేస్తే మెత్తబడతాయి. ముద్ద ఒక స్పూన్, పోపు రెండు స్పూన్లు కలిపితే అయిపోయింది. పల్చటి అటుకులైతే నానబెట్టొద్దు, నీళ్లు చిలకరిస్తే చాలు. లేదంటే పేస్ట్ అయిపోతాయి.

పులుపు పడనివాళ్లు ఇవే అటుకుల్లో పెరుగు, ఉప్పు వేసి, పైన అదే పోపు చల్లుకోవచ్చు.

ఇడ్లీ పిండి కంటే పెసలే ఈజీ

గ్యాస్ స్టవ్, మిక్సీ ఉన్న రూమ్ అయితే పెసరట్టును మించింది లేదు. ఇడ్లీ, దోశ పిండిలా రుబ్బి, రాత్రంతా పులియబెట్టాల్సిన పనే లేదు. పడుకునే ముందు ఒక గ్లాసు పెసలు, గుప్పెడు బియ్యం నానబోస్తే చాలు. ఉదయం అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర, ఉప్పుతో మిక్సీ వేసి వెంటనే అట్టు పోసుకోవచ్చు. మిక్సీ సౌండ్‌కి రూమ్మేట్ లేచి తిడితే మాత్రం వాళ్లకో అట్టు పెట్టక తప్పదు.

పెసరట్టుకు ఇంకో ప్లస్ కూడా ఉంది. 2024లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల ప్రకారం రోజు మొత్తం కేలరీల్లో బియ్యం, గోధుమలు, చిరుధాన్యాల వాటా 45 శాతం మించకూడదు. మన టిఫిన్లలో ఉప్మా, పూరీ, ఇడ్లీ అన్నిట్లోనూ వాటిదే పైచేయి. మధ్యాహ్నం, రాత్రి ఎలాగూ అన్నమే. పెసరట్టులో మాత్రం అసలు సరుకే పప్పు. 100 గ్రాముల పెసల్లో 22 గ్రాములకు పైనే ప్రొటీన్ ఉంటుంది.

ఇది కూడా కుదరకపోతే గుడ్లు. ఒక్కో గుడ్డుతో సుమారు 6 గ్రాముల ప్రొటీన్ వస్తుంది. ఫ్రిజ్ ఉంటే ఉడికించి పెంకుతోనే పెట్టేయొచ్చు, వారంలోపు తినేయాలి. ఫ్రిజ్ లేకపోతే ఉదయాన్నే ఉడికించుకోవడం మేలు, పది నిమిషాల పనే.

చద్దన్నం.. కానీ జాగ్రత్త

రాత్రి అన్నం మిగిలితే పారేయొద్దు. గోరువెచ్చగా ఉన్నప్పుడే మెత్తగా మెదిపి, కాచి చల్లార్చిన పాలు పోసి, స్పూన్ పెరుగుతో తోడు పెడితే తెల్లారేసరికి తోడన్నం రెడీ. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, ఊరి నుంచి వచ్చిన ఆవకాయ ఉంటే ఇంకేం కావాలి! ఎండాకాలంలో మాత్రం త్వరగా పులిసిపోతుంది. కాబట్టి పడుకోబోయే ముందు తోడు పెట్టి, లేవగానే తినేయాలి.

అన్నాన్ని ఏమీ కలపకుండా రాత్రంతా గిన్నెలో బయటే వదిలేసి, ఉదయం పోపు పెట్టుకోవడం మాత్రం సేఫ్ కాదు. అలాంటి అన్నంలో పెరిగే బ్యాక్టీరియా వదిలే విషపదార్థం మళ్లీ వేడి చేసినా పోదు. వాంతులతో రోజంతా మంచం మీదే గడపాల్సి రావొచ్చు.

ఆ ఎక్స్‌టెన్షన్ బాక్స్ చూసుకోండి

గుడ్లకో, వేడినీళ్లకో చాలామంది ఎలక్ట్రిక్ కెటిల్ కొంటారు. దాన్ని ఫోన్ ఛార్జర్లున్న ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కే పెట్టేస్తారు. 6 ఆంప్స్ సాకెట్ మోయగలిగేది 230 వోల్టుల దగ్గర 1,380 వాట్లే. కెటిల్ 1,500 వాట్లదైతే అప్పుడే లెక్క దాటిపోయింది. ఇండక్షన్ స్టవ్ అంతకంటే ఎక్కువే లాగుతుంది. వీటిని గోడకున్న 16 ఆంప్స్ సాకెట్‌కే పెట్టాలి. హాస్టల్ ఓనర్లు స్టవ్ వద్దనేది కరెంట్ బిల్లు కోసమే అనుకుంటారు గానీ, వైర్లు కాలిపోతాయన్న భయంలోనూ న్యాయం ఉంది.

ఇవేవీ వద్దు, వండే ఓపికే లేదంటారా? జీహెచ్ఎంసీ ఇందిరమ్మ క్యాంటీన్లలో 5 రూపాయలకే టిఫిన్ పెడుతున్నారు. 2025 సెప్టెంబర్ 29న అమీర్‌పేటకు దగ్గర్లోని మోతీనగర్‌లో, మింట్ కాంపౌండ్‌లో దీన్ని ప్రారంభించారు. ఒక్కో ప్లేటుకు 19 రూపాయలు ఖర్చవుతుంటే మిగతా 14 రూపాయలు జీహెచ్ఎంసీ భరిస్తోంది. మిల్లెట్ ఇడ్లీ, ఉప్మా, పొంగల్, పూరీ.. రోజుకొకటి చొప్పున మెనూ మారుతుంది.